ఆఖరి పెట్టె

మా మనవరాలు ఆ చిన్న లాప్‌టాప్‌ను బడి నుంచి మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు, దాన్ని చేతుల్లోకి తీసుకోగానే నాకు గుబులు పుట్టింది. దానికి బరువు లేదు. మా ఇంట్లో రొట్టెలు చేసే పీట దానికంటే బరువుంటుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను వాడిన వస్తువులన్నీ బరువైనవే. ఇనుప యంత్రాలు, చేతిదీపాలు, అట్టలు కట్టిన రిజిస్టర్లు. ముఖ్యమైనదాన్ని ఎవరూ ఇంత తేలిగ్గా తయారు చేయరని నా నమ్మకం.

“లోపల ఏమున్నది బిడ్డా గిండ్ల?” అని అడిగాను.

“ఏం లేదు తాతా. అన్నీ పైన ఉంటయి,” అని చూపుడువేలు పైకెత్తింది.

నేను పైకి చూశాను. వంటింటి గుమ్మంలోంచి మా అమ్మాయి నవ్వింది. “ఫ్యాన్ల గాదు బాపూ, ఇంటర్నెట్ల.”

ఆ సాయంత్రం మనవరాలు నాకు ఓపికగా చెప్పింది. ఇందులో దాచుకునే చోటు కొంచెమే. మనం రాసేదంతా నెట్ ద్వారా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లకు చేరుతుంది. దాన్నే క్లౌడ్ అంటారట. తన పేరు, పాస్‌వర్డ్ కొడితే ఏ ఊళ్లో ఏ యంత్రం తెరిచినా తను రాసింది కనిపిస్తుంది. ఈ లాప్‌టాప్ పగిలినా, నీళ్లలో పడినా రాత పోదు.

“మరి అక్కడికి చేరిందని నీకెట్ల తెలుస్తది?”

“చేరుతది తాతా.”

“చేరుతది సరే. చేరిందని అవతలోడు చెప్పాలె గదా.”

“అవతల ఎవ్వరుండరు తాతా! నువ్వు ప్రతిదాన్ని రైలే అనుకుంటవ్.”

అనుకుంటాను, నిజమే. నేను స్టేషన్ మాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదట జనగామ, చివర మహబూబాబాద్. మా ఉద్యోగంలో బండిని పంపడం సగం పనే. అది అవతలి స్టేషన్‌కు చేరిందన్న కబురు వచ్చేదాకా ఆ దారిలోకి మరో బండిని వదలకూడదు. దారి ఖాళీ, బండిని వదలవచ్చు అన్న మాటనే మేము లైన్ క్లియర్ అంటాం. చేరిందని చెప్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఇంజన్ కనపడితే చాలదు. ఆఖరి పెట్టె వెనక ఒక బోర్డు తగిలించి ఉంటుంది, చీకటి పడితే ఎర్రదీపం. దాన్ని కళ్లారా చూశాకే బండి పూర్తిగా వచ్చినట్టు లెక్క. దారిలో పెట్టెలను కలిపే లింకు తెగి ఓ పెట్టె వెనకే ఆగిపోయి ఉండవచ్చు. జనగామలో నాకు పని నేర్పిన పెద్దమాస్టరు, నేను ఫోన్ మీద చెయ్యి వేయగానే ఆ చెయ్యి పట్టుకుని ఆపేవాడు. “తోక చూసినవా?” అనేవాడు. చూశానంటేనే చెయ్యి వదిలేవాడు.

రోజూ డైరీ రాసే అలవాటు నాకు అక్కడే అబ్బింది. ఆ రోజు ఏది వచ్చింది, ఏది పోయింది, ఏది మధ్యలో ఉంది అన్నది రాసి పెట్టుకోకపోతే నాకు అన్నం సహించదు. నా డైరీలన్నీ ఒక ఇనుప ట్రంకులో ఉన్నాయి. రిటైరయ్యాక కూతురి దగ్గరికి, ఈ భూపాలపల్లి క్వార్టర్స్‌కు వచ్చినప్పుడు ఆ ట్రంకును దించడానికి ఇద్దరు కావలసి వచ్చింది. మా అల్లుడు బొగ్గుబాయిలో పనిచేసే మనిషి, బరువులకు భయపడడు. అయినా, “ఇండ్ల రైలుపట్టాలు గిట్ల తెచ్చినవా మామా?” అన్నాడు.

మనవరాలు చదివేది తొమ్మిదో తరగతి. బడిలో ఆ లాప్‌టాప్‌లు పిల్లలందరికీ సరిపడా లేవు. అందుకని వంతులు పెట్టారు. వంతు వచ్చిన పిల్ల కొన్నాళ్లు ఇంటికి తీసుకుపోయి, తన ప్రాజెక్టు చేసుకుని, తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పగానే వాళ్ల మేడం దాన్ని పూర్తిగా తుడిచేసి, కొత్తదానిలా చేసి తరువాతి పిల్లకు ఇస్తుంది. “పైకి పంపుకున్నది పోదు, లోపల మిగిలింది ఉండదు” అని పిల్లలకు ముందే చెప్పిందట. ఈ మాట నాకు వంతు మొదటిరోజే తెలుసు. తెలిసీ నేను చేసిన పని గురించే ఇది రాస్తున్నాను.

ప్రాజెక్టు ఏమిటంటే, ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు చేసిన పని గురించి వాళ్ల చేత చెప్పించి, ఆ గొంతు రికార్డు చేసి, కింద రాతలో పెట్టాలి. గొంతు తప్పకుండా ఉండాలి. రాత ఒక్కటే ఉంటే ఎవరైనా కూర్చుని కల్పించవచ్చు కదా. బాగున్నవాటిని జిల్లా ప్రదర్శనకు పంపుతారు.

“తాతా, నీది వద్దు,” అంది మనవరాలు. “నీది అందరికీ తెలుసు. అవ్వ చేత చెప్పిస్త.”

అవ్వ అంటే మా అక్క. కురవి దాటాక లోపలికి ఉన్న ఒక తండాలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. నాకు మాటలు నేర్పింది ఆమే. కానీ ఆమె తన గురించి ఎవరికీ ఏమీ చెప్పదు. ఒకసారి ఎవరో పట్నం నుంచి వచ్చి, మీ పాత రోజుల సంగతులు చెప్పండమ్మా అని అడిగితే, మేకలకు నీళ్లు పెట్టాలని లేచి పోయింది. అప్పుడు ఇంట్లో మేకలే లేవు. అందుకే మనవరాలు అడగబోతానంటే నేను ఆశ పెట్టుకోవద్దన్నాను.

సెలవుల్లో ఇద్దరం బయలుదేరాం. హనుమకొండ దాకా బస్సు, వరంగల్ నుంచి రైలు, మహబూబాబాద్ నుంచి ఆటో. దారి పొడుగునా ఆ లాప్‌టాప్ సంచి నా ఒళ్లోనే ఉంది. రైల్లో ఎదుటి సీట్లో ఒకావిడ చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె నాకంటే నిశ్చింతగా ఉంది.

అక్కకు సంగతి చెప్పాం. మా ఇంట్లో మాట్లాడేది మా తండా భాష. దానికి బడి లేదు, అచ్చు లేదు. అక్క మాటలను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

“గీ పలక నా మాటలు వింటదా?” అని అక్క ఆ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“వింటది అవ్వా. విని దాచిపెడ్తది.”

“గింత తేలిగ్గున్నది. ఏం దాస్తది?”

నా మాటే ఆమె నోట్లోంచి వచ్చినందుకు నాకు సంతోషమైంది. కానీ మనవరాలు ఆమె పక్కనే చాప మీద కూర్చుని, మెడలో చెయ్యి వేసి, “నాకోసం చెప్పవా అవ్వా” అనేసరికి ఆ మనిషి మెత్తబడింది.

“సరే. ఒక్కసారి చెప్త. మల్ల అడిగితే చెప్ప. నేనేమన్న రేడియోనా, చెవి తిప్పితే పాడనీకి?”

అలా మొదలుపెట్టింది. నేను వాళ్లకు దగ్గరగా మంచం మీద కూర్చున్నాను. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తోడి, నీళ్లు ఊరేదాకా కాపలా కూర్చుని, చిప్పతో కొంచెం కొంచెం కడవలోకి ముంచుకున్న సంగతి చెప్పింది. తమ వంతు రాకముందే ఎవరైనా వచ్చి ముంచుకుంటారని చెలిమె పక్కనే పడుకునేదట. మధ్యమధ్య నావైపు చూసి ఆగేది. మళ్లీ మొదలుపెట్టేది. బడి సంగతి వచ్చినప్పుడు, “తమ్ముడు పోయిండు బడికి. నాకు బడి మీద మనసే లేకుండె. మేకల ఎంబడి తిరుగుడే నాకు మంచిగనిపించేది,” అంది. నేను తల ఊపాను. అది నేను చిన్నప్పటి నుంచి వింటున్న మాటే.

చెప్పడం అయ్యాక లేచి, “ఇగ నన్ను మల్ల కదిలియ్యొద్దు” అని పెరట్లోకి పోయింది.

అక్కడున్నన్ని రోజులు మనవరాలు పగటిపూట అక్క మాటలన్నీ విని విని, మా భాషలోనివి తెలుగు అక్షరాల్లో టైపు చేసి, కింద తెలుగు అర్థం రాసింది. తండాలో సిగ్నల్ లేదు. ఫోన్ మాట్లాడాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. నాది బటన్ల ఫోను, దానిలో నెట్ రాదు. అక్క కొడుకు కూలి పనికి ఊరు దాటి పోయి ఉన్నాడు. లాప్‌టాప్ తెర మీద మూలన ఒక మబ్బు బొమ్మ, దాని మీద అడ్డగీత. అడ్డగీత ఉన్నంతసేపూ ఏదీ పైకి పోనట్టే. నేను తెర చూసినప్పుడల్లా రాతను చూడలేదు, ఆ గీతనే చూశాను.

“ఇప్పుడు ఇది దార్ల ఉన్నట్టు,” అన్నాను.

“అవు తాతా, దార్లనే ఉన్నది. భూపాలపల్లికి పోంగనే చేరుతది.”

“అప్పటిదాక మూతెయ్యకు. ఛార్జింగ్ దిగనియ్యకు. ఎవ్వరి చేతికియ్యకు.”

“మూతేస్తే ఏం గాదు.”

“నీకు తెల్వదు.”

నాకు మాత్రం ఏం తెలుసు! తెలియని వస్తువును కాపలా కాయడం కష్టం. దేనివల్ల దానికి ప్రమాదమో తెలియదు కనుక అన్నిటినీ ప్రమాదమే అనుకోవాలి. తిరుగు ప్రయాణంలో మహబూబాబాద్ స్టేషన్‌లో, పక్క బెంచీ మీది కుర్రవాడొకడు తన ఫోన్ నుంచి నెట్ ఇస్తానన్నాడు. “తెల్వని లైను మీద పంపొద్దు” అని నేనే వద్దన్నాను. మనవరాలు మొహం ముడుచుకుంది.

ఇల్లు చేరింది సెలవుల ఆఖరి రోజు మధ్యాహ్నం. మరుసటి పొద్దున లాప్‌టాప్ బడిలో అప్పజెప్పాలి. అల్లుడు సెకండ్ షిఫ్టుకు తయారవుతున్నాడు. అమ్మాయి ఫోన్‌లో ఆ రోజు నెట్ బ్యాలెన్స్ అయిపోయింది. ఉన్నది అల్లుడి ఫోను ఒక్కటే.

“జల్ది కానియ్యుండ్రి. బస్సు పోతే నన్నెవరు దింపుతరు బాయికాడ?” అంటూ అతను ఒక కాలికి బూటు వేసుకుని, ఇంకో బూటు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మనవరాలు నెట్ కలిపింది. మబ్బు మీది అడ్డగీత పోయింది. చిన్న చక్రం తిరిగింది. తరువాత టిక్కు పడింది.

“అయిపోయింది తాతా! చేరింది.”

“ఆగు బిడ్డా. అవతలి దిక్కు చూడాలె. ఇది చేరిందని ఇదే చెప్తే ఎట్ల? ఇంకో యంత్రంల చూపెట్టు.”

మా అల్లుడు చేతిలోని బూటును నేలకేసి కొట్టాడు. “ఓ మామా, నీ లైన్ క్లియర్ పాడుగాను! నా బస్సు క్లియర్ అవుతున్నదిక్కడ!”

అయినా ఫోన్ ఇచ్చాడు. మనవరాలు అందులో తన పేరు కొట్టి తెరిచింది. ఆమె పెట్టిన శీర్షిక, కింద అక్క ఫోటో, దాని కింద చెలిమె సంగతి. లాప్‌టాప్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఫోన్‌లో కనిపించింది. దారిలో ఆగిపోతుందనుకున్నది నా కళ్లముందుకు వచ్చి నిలబడింది.

“గొంతు గూడ ఉన్నదా?”

“ఆఖరి పేజీల పెట్టిన తాతా.”

అల్లుడు చెయ్యి చాచాడు. నేను ఫోన్ ఇచ్చేశాను. “లైన్ క్లియర్” అన్నాను, పాత గొంతుతో. మనవరాలు చప్పట్లు కొట్టింది. అల్లుడు మెట్లు దిగి పరుగెత్తాడు. ఆ రోజు డైరీలో ‘క్షేమంగా చేరింది’ అని రాసి, కింద గీత గీసి, కమ్మగా భోంచేశాను.

మరుసటి పొద్దున మనవరాలు లాప్‌టాప్ పట్టుకుని బడికి పోయింది. అమ్మాయి తన ఫోన్‌లో నెట్ వేయించుకుంది. నాకేమో అక్క గొంతు ఇంకోసారి వినాలనిపించింది. అనుమానంతో కాదు, వట్టి ఆశతోనే అడిగాను. అమ్మాయి తెరిచి నా చేతికిచ్చింది. నేను వేలితో పేజీలు జరుపుకుంటూ ఆఖరి పేజీకి వచ్చాను. అక్కడ ‘అవ్వ మాట ఇక్కడ వినండి’ అని రాసి ఉంది. దాని మీద నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. అమ్మాయి తీసుకుని నొక్కింది. ఆ మాట కింద ఏమీ లేదు. అది వట్టి రాత.

“పొల్ల మరిచిపోయినట్టుంది బాపూ. దాంట్ల ఉంటదిలే, సాయంత్రం వచ్చినంక పెడ్తది.”

దాంట్లో అంటే లాప్‌టాప్‌లో. ఆ లాప్‌టాప్ అప్పటికి బడిలో ఉంది. వాళ్ల మేడం దాన్ని తుడిచేస్తుంది.

నేను చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. మెయిన్ రోడ్డు మీద ఆటో దొరికింది గానీ ముందు బొగ్గు లారీల వరుస కదలడం లేదు. “జర పక్కకెళ్లి పోనియ్యి తమ్మీ” అంటే, ఆటో అతను, “పక్కకెక్కడున్నది పెద్దాయనా, దవాఖానకా?” అన్నాడు. కాదు, బడికి అన్నాను. “మీకు బడేంది?” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్క గొంతు ఒక పెట్టెలాగా దారిలో ఒంటరిగా నిలబడి ఉన్నట్టు, దాన్ని చూడకుండానే నేను ఆ దారిలోకి మరో బండిని వదిలినట్టు కళ్లకు కట్టింది.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. “పేరెంట్స్ మీటింగ్ ఇయ్యాల గాదు.”

“నేను పేరెంట్‌ను గాదు.”

“మరింక లోపలికెందుకు?”

“లోపల మా అక్క గొంతున్నది” అన్నాను. అతను నా మొహం చూసి గేటు తీశాడు. నా మతి స్థిరంగా లేదనుకుని ఉంటాడు.

కంప్యూటర్ గదిలో మేడం బల్ల మీద లాప్‌టాప్‌లు వరుసగా తెరిచి పెట్టి ఉన్నాయి. పిల్లలు చుట్టూ నిలబడి ఉన్నారు. మా మనవరాలు కిటికీ పక్కన ఉంది.

“మేడం, జర ఆపుండ్రి! మా పిల్లది తుడవకుండ్రి!”

ఆమె చేతులు పైకి తీసింది. చిన్న వయసు, మంచి మనిషి. “ఏది సార్?” అని అడిగింది. మనవరాలు వేలు చూపించింది. వరుసలో మొదటిది. దాని తెర మీద తెల్లగా, ఇంగ్లీషులో స్వాగతం అన్న మాట ఉంది. మరేమీ లేదు.

మేడం ముందు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. తరువాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. టైపు చేసిన రాత, దానిలో అతికించిన ఫోటో తమంతట తామే పైకి పోతాయి. రికార్డు చేసిన గొంతు మాత్రం లోపలే ఒక చోట ఉండిపోతుంది. దాన్ని చేత్తో పట్టి పైకి పంపితేనే పోతుంది. మా మనవరాలు రెండూ ఒకటే అనుకుంది. తను పైకి పంపాలన్న సంగతే ఆమెకు తెలియదు.

మనవరాలు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నా దగ్గరకు వచ్చి చిన్నగా, “నువ్వు చూసినవ్ గదా తాతా” అంది.

ఇంజన్ చూశాను. ఫోటో చూశాను, మొదటి పేజీ చూశాను. ఆఖరి పెట్టె చూడలేదు. అల్లుడి తొందరను సాకుగా చెప్పవచ్చు. కానీ తొందరలో చూడకుండా ఉండకూడదనే కదా ఆ పద్ధతి పెట్టింది.

“రాత మంచిగుంది,” అంది మేడం. “గొంతు ఈ వారంలోపు తెచ్చినా తీసుకుంటాను. మళ్లీ చెప్పించుకుని రండి.”

మళ్లీ చెప్పదని ఆమెకు ఎలా చెప్పను?

సాయంత్రం అక్క కొడుకు ఫోన్‌కు చేసి, అందరం వినేలా స్పీకర్‌లో పెట్టాం. అతను కూలి నుంచి తిరిగి వచ్చి ఉన్నాడు, అక్కను ట్యాంకు మెట్ల మీదికి తోలుకొచ్చాడు. నేను జరిగింది చెప్పాను. నీ గొంతు పోయిందక్కా అన్నాను.

“పోయిందా?” అంది.

“పోయింది.”

“మొత్తం?”

“మొత్తం.”

“మంచిగైంది,” అంది అక్క. మా ఇంట్లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. “అండ్ల సగం ఉత్తదే చెప్పిన. నువ్వు గద్దలెక్క మంచం మీద కూసొని చూస్తుంటివి. నీ ముందల ఏం చెప్పాలె నేను? పొల్లను తోల్కరా. ఈసారి సక్కగ చెప్త. నువ్వు మాత్రం లోపల ఉండొద్దు.”

అంతే, ఫోన్ పెట్టేసింది.

“చెప్తదట!” అని మనవరాలు గంతులేసింది. ఆ రోజు డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న అల్లుడు, “గద్ద అన్నది మామా నిన్ను” అని పడీపడీ నవ్వాడు. నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. సగం ఉత్తదంటే ఏ సగం? చెలిమె సంగతి ఉత్తది కాదు, ఆ నీళ్లు నేనూ తాగాను. వెతుక్కుంటూ పోతే నా మనసు ప్రతిసారీ ఒక్క మాట దగ్గరే ఆగింది. బడి మీద మనసే లేకుండె అన్న మాట దగ్గర.

మేడం దగ్గర విడిగా ఉంచిన లాప్‌టాప్ ఒకటుంది. దానికి ఒక మీట ఊడిపోయింది, అందుకని వంతుల్లో పెట్టలేదు. అది మాకిచ్చింది. అల్లుడు తన ఫోన్ తెచ్చి నా జేబులో పెట్టాడు. “తీస్కపో మామా. బాయిలకు ఫోన్లు తీస్కపోనియ్యరు, ఎట్లనన్న లాకర్లనే పడి ఉంటది. ఈసారి మాత్రం తోక చూసి రా.” ఆ మాట అతనికి మనవరాలు చెప్పి ఉంటుంది.

తండాకు చేరేసరికి అక్క తలకు నూనె రాసుకుని, ఉతికిన రవిక తొడుక్కుని, పాత పెద్ద గాజులు చేతికెక్కించుకుని కూర్చుని ఉంది. గొంతుకు గాజులెందుకక్కా అని నేను అడగలేదు. మనవరాలిని లోపలికి పిలిచి, నన్ను చూసి చేత్తో బయటికి చూపించింది. నేను వాకిట్లో, పత్తికట్టె మోపుల పక్కన రాయి మీద కూర్చున్నాను. తలుపు దగ్గరికి వేసింది.

ఆమె గొంతు వినపడుతుంది, మాటలు తెలియవు. ఒకచోట పైకి లేచింది. ఒకచోట చాలాసేపు ఆగింది. ఆగినప్పుడు మనవరాలు ఏదో అడిగింది, మళ్లీ అడిగింది, అప్పుడు మెల్లగా మొదలైంది. అక్క మధ్యలో నవ్వింది కూడా. అది చిన్నప్పటి నవ్వు, చాలాకాలంగా నేను విననిది. ఎండ నా వీపు మీదికి తిరిగింది. లేచి నీడకు పోవచ్చు. కానీ కదిలితే ఆమె ఆపేస్తుందేమోనని భయం. బండి దాటే వేళ ప్లాట్‌ఫాం మీద నిలబడినట్టు అలాగే కూర్చున్నాను.

తలుపు తెరిచి మనవరాలు బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుని, “ట్యాంకు కాడికి పోదాం పా తాతా” అంది.

“ఏం చెప్పింది?”

“ముందుగాల పంపనియ్యి.”

ట్యాంకు మెట్ల మీద, సిగ్నల్ వచ్చే ఎత్తులో ఇద్దరం కూర్చున్నాం. ఆమె వాళ్ల నాన్న ఫోన్‌తో నెట్ కలిపింది. ఈసారి గొంతును తన చేత్తో పట్టి పైకి పంపింది. నాకు చూపించి మరీ పంపింది. తెర మీద ఒక పచ్చగీత మెల్లగా పెరిగింది, ఆగింది, సిగ్నల్ పోయి మళ్లీ వచ్చింది, మళ్లీ పెరిగింది. నేను మెట్టు అంచును పట్టుకుని కూర్చున్నాను. గీత నిండింది. టిక్కు పడింది.

ఆమె నా బటన్ల ఫోన్ తీసుకుని భూపాలపల్లికి, వాళ్లమ్మకు చేసింది.

“అమ్మా, నీ ఫోన్ల తెరువు. మొదటిది వద్దు. ఆఖరుది. గొంతు మీద నొక్కు. ముందుగాల వినకు, చివరికి జరుపు. చిట్టచివరికి. ఏమినిపిస్తున్నది?”

అవతల మా అమ్మాయి తన ఫోన్‌లో వెతుకుతోంది. మా మధ్య ఒక్క రైలుతో తీరని దూరం. మనవరాలు ఫోన్‌ను నా చెవికి ఆనించింది.

“బాపూ,” అంది మా అమ్మాయి. “అత్త గొంతు వస్తున్నది. మంచిగ వస్తున్నది.”

“ఆఖరు మాట ఏంది? అది చెప్పు.”

“ఆఖర్ల...” అని మా అమ్మాయి ఆగింది. ఇంకోసారి విన్నట్టుంది. “ఇగ చాలు, బంద్ చెయ్యి అంటున్నది. బంద్ చేసి, మీ తాతను లోపలికి పిలువు, ఎండల కూసున్నడు అంటున్నది. అంతే బాపూ. దాని తర్వాత ఏం లేదు.”

మనవరాలు నావైపు చూస్తూ ఉంది. వేలు లాప్‌టాప్ మూత మీద పెట్టి, నేను చెప్పేదాకా మూయకుండా ఉంది.

“వచ్చింది బిడ్డా,” అన్నాను. “మొత్తం వచ్చింది.”

ఆమె మూత వేసింది. మధ్యలో ఏముందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మనవరాలి పేరు కొడితే ఏ ఊళ్లోనైనా అది తెరుచుకుంటుందని నాకు తెలుసు. అక్క నన్ను లోపలికి పిలిచింది కనుక, మెట్లు దిగి ఆ ఇంటి వైపు నడిచాను.